చూద్దాం అన్న పాపానికి

నమోదు 1 – సోమవారం

చేత్తో రాస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా కలం పట్టలేదు, అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఏం చేయను? నోటితో అంటే గుండీ వింటుంది, తెర మీద రాస్తే ఆఫీసు చదువుతుంది. ఈ నోటుపుస్తకం ఒక్కటే చాడీలు చెప్పదు.

నా పేరు భానోజీ. తీరరక్ష కంపెనీకి ప్రధాన సమాచార అధికారిని. సముద్రం ఊళ్ళోకి రాకుండా గోడ కట్టి కాపాడే కంపెనీ మాది. గోడను ఇంజనీర్లు కాపాడతారు, కంపెనీని నేను కాపాడతాను. రెండో పనే కష్టం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎంత హాయిగా ఉండేదో! నోటికొచ్చింది అనేవాళ్ళం. అన్నాం కదా అని ఎవరూ ఏమీ చేసేవాళ్ళు కాదు. తర్వాత మాటకట్టు చట్టం వచ్చి మా నోట్లో మట్టి కొట్టింది. పెద్ద అధికారులందరి ఛాతీకీ ఒక గుండీ తగిలించారు. ఆ గుండీతో జనం ముందు గానీ, జనానికిచ్చిన మాట మీద గానీ ఏమన్నా అది హుకుమే. పచ్చగా వెలిగిందంటే నగర యంత్రాలు ఆ మాటను పట్టుకుపోయి అమలు చేసేస్తాయి. నాలిక్కరుచుకుంటే రక్తం వస్తుందేమో గానీ మాట వెనక్కి రాదు.

బతకడానికి నేనొక భాష తయారు చేశాను. పని ఎవరు చేస్తారో చెప్పకపోతే గుండీ ఏమీ చేయలేదు. అందుకని మా కంపెనీలో ఎవరూ ఏమీ చేయరు, అన్నీ వాటంతటవే జరుగుతాయి. పరిశీలించడం జరిగింది. చింతించడం జరుగుతోంది. ఈ 'జరిగింది' పుణ్యాన నాకు రెండుసార్లు సన్మానం కూడా జరిగింది.

ఇవాళ మొరల దినం. నెలకోసారి జనం వచ్చి ఎదురుగా నిలబడి అడుగుతారు, నేను జవాబు చెప్పాలి. నలభై మందిని చక్కగా పంపించేశాను. నలభై ఒకటో మనిషి పన్నెండో గట్టు నుంచి వచ్చిన ఎర్నమ్మ. యాభై ఏళ్ళుంటాయి. చేపల ఫ్యాక్టరీలో పని. గోడకు ఆనుకునే వాళ్ళ కాలనీ.

"బాబూ, గోడ కూత్తంది" అంది.

"కూయడం అనగా?"

"ఈలేసినట్టు. అల పోటెత్తినప్పుడల్లా లోపల్నించి ఊఁ ఊఁ అంటంది. ఇంట్లో నేలంతా ఉప్పు తేలిపోతంది. ఆరొందల పన్నెండు గడపలున్నాయి బాబూ, పిల్లలున్నారు. లోపల ఏటయిందో ఎవులైనా సూడాలి గదా?"

అప్పటికి ఒంటిగంటన్నర. పొద్దున్న ఏడింటికి తిన్న ఇడ్లీ ఎప్పుడో అరిగిపోయింది. టేబుల్ కింద కారియర్‌లో దొండకాయ వేపుడు చల్లారిపోతోంది. నలభై మందికి నేర్పుగా జవాబు చెప్పినవాణ్ణి, నలభై ఒకటో మనిషికి మా ఇంట్లో పిల్లలతో అనే మాట అనేశాను.

"చూద్దాంలేమ్మా."

గుండీ పచ్చగా వెలిగింది.

"నమోదైంది" అంది. "ఎవరు: మీరు, ఎర్నమ్మ గారు. ఏమిటి: గోడ లోపల చూడటం. ఎప్పుడు: చెప్పలేదు కాబట్టి వారంలోగా."

వేపుడు ముట్టబుద్ధి కాలేదు.

నమోదు 2 – మంగళవారం

మా లాయరు వసుంధర గారు పొద్దున్నే నా గదిలోకొచ్చి తలుపేసింది.

"చూద్దాం అన్నారా? మీరా? కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు పాఠమే అది కదండీ!"

"చూద్దాం అంటే కాదని అర్థం. తెలుగు పుట్టిన దగ్గర్నుంచీ అంతే కదా" అన్నాను.

"మీకూ నాకూ తెలుసు. గుండీని చేసినవాళ్ళు వ్యాకరణం చూసి చేశారు. చూద్దాం అంటే మనం ఇద్దరం కలిసి చూడటం. అందులో మీరున్నారు, ఆవిడ ఉంది."

ఆవిడ కోపంలో న్యాయముంది. ఈ మర్యాద మాటలకే ఎందరు బలయ్యారో! ఓడల కంపెనీ సమాచార అధికారి 'నన్ను మీ ఇంట్లో మనిషే అనుకోండి' అన్నాడు. ఇప్పుడు ఆ ఇంటి కార్డులో ఆయన పేరుంది, పొద్దున్నే నీళ్ళు పట్టే వంతు ఆయనది. ఇంకొకాయన 'మీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాం' అన్నాడు. సభకు పదకొండు వేలమంది వచ్చారు. ఆ కడిగే కార్యక్రమం మూడు రోజులు పట్టింది.

మధ్యాహ్నం ఛైర్మన్ విక్రాంత్ గారు పిలిచారు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఎప్పుడూ నిలబడే మాట్లాడతారు. వెన్నెముకకు మంచిదట.

"భానోజీ గారూ, మన గోడ లోపల ఎవరైనా చూసి ఎన్నేళ్ళయింది?"

"తొమ్మిదేళ్ళండి."

"ఎందుకు చూడలేదో తెలుసా?"

"తెలుసండి. చూస్తే తెలుస్తుంది. తెలిస్తే చెప్పాలి. చెబితే చెయ్యాలి."

"మీకన్నీ తెలుసు. మరి ఇదేంటి? గోడ తవ్వి మళ్ళీ నింపాలంటే మూడేళ్ళ లాభం పోతుంది. ఆపండి. ఎలా ఆపుతారో మీ ఇష్టం. ఆపలేకపోతే ఆపగలిగేవాళ్ళని చూసుకుంటాం."

ఆయన గుండీ పెట్టుకోరు. ఛైర్మన్లకు చట్టం మినహాయింపు ఇచ్చింది, వాళ్ళు జనంతో మాట్లాడరు కాబట్టి. నాకు యాభై ఆరేళ్ళు. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు? సమాచార అధికారుల్లో సగంమంది ఇప్పటికే ఇంట్లో కూర్చున్నారు, వాళ్ళ పని యంత్రాలు చేస్తున్నాయి. నాకు భయంగా ఉంది. రాసుకుంటే తప్పేముంది, భయంగానే ఉంది.

నమోదు 3 – బుధవారం

నా బదులు ఒక జూనియర్ ఇంజనీర్‌ని పంపిస్తానన్నాను. గుండీ ఒప్పుకోలేదు. చూద్దాంలో ఇంజనీరు లేడట.

ఎర్నమ్మకు గోడ ఫోటోలు పంపిస్తానన్నాను. ఫోటో చూడటం గోడ చూడటం కాదట. దీని వ్యాకరణం తగలెయ్య.

విసుగొచ్చి "సరే, తర్వాత చూద్దాం" అన్నాను. గుండీ మళ్ళీ పచ్చగా వెలిగింది. ఇప్పుడు రెండుసార్లు చూడాలి.

నమోదు 4 – శుక్రవారం

దొరికింది! నా బుర్రకు నేనే మొక్కుకోవాలి.

పొద్దున్న గుండీ వినేలా గొంతు సవరించుకుని అన్నాను: "శుభకార్యం కాబట్టి మంచిరోజు చూసుకుని చూద్దాం."

 గుండీ పంచాంగం తెరిచింది! ఇప్పుడు మూఢమట, ఇంకో పదమూడు రోజులు పోతే గానీ ముహూర్తాల్లేవట. ముందు చెప్పిన రెండు చూడటాలూ కలిపేసి గురువారం ఉదయం పదింటికి ఒకే ముహూర్తం పెట్టింది. పదమూడు రోజుల్లో ఎన్ని దారులు వెతకొచ్చు! ఛైర్మన్ గారు నా భుజం తట్టారు. వసుంధర గారు మాత్రం "గోడకు కూడా మూఢమేనా?" అని పెదవి విరిచి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కాలనీ కోసం ప్రకటన రాశాను. నాలుగు పేజీలు. 'గోడ మిక్కిలి పటిష్ఠంగా ఉన్నట్లు తెలియవస్తున్నది' అని మొదలుపెట్టి, 'వదంతులను విశ్వసించవలసిన అవసరం కనిపించుట లేదు' అని ముగించాను. ఎక్కడా ఒక్క కర్త లేడు. గుండీ చదివి ఏమీ చేయలేక పక్కన పెట్టింది. చట్టం ప్రకారం ఒక కాగితం కాపీ కాలనీ నోటీసు బోర్డుకు అంటించారు.

మిగతా జనానికి చెవుల్లోకి వెళ్ళింది. ఇప్పుడు అందరి చెవుల్లోనూ ఒక సారాంశం యంత్రం ఉంది కదా, ఎంత పెద్ద ప్రకటనైనా నాలుగు ముక్కల్లో చెబుతుంది. నా నాలుగు పేజీలకు అది చెప్పిన సారాంశం: "ఏం లేదు."

నేను రాసింది చదివేవాడు ఈ భూమ్మీద ఒక్కడైనా ఉన్నాడా అని బాధేసింది. ఇంత కష్టపడి రాస్తానే!

నమోదు 5 – ముహూర్తం గురువారం

పదమూడు రోజుల్లో ఒక్క దారీ దొరకలేదు.

పదింటికి గోడ దగ్గరికి వెళ్ళేసరికి ఎర్నమ్మ అప్పటికే వచ్చి ఉంది. చేతిలో లైటు, భుజాన తువ్వాలు. నన్ను చూసి నమస్కారం పెట్టింది.

"అన్నం తిన్నారా బాబూ? లోపల ఎంతసేపవుతాదో."

ఇనుపతలుపు తాళం తుప్పు పట్టి రాలేదు. ఎర్నమ్మ రాయి తీసుకుని నాలుగు దెబ్బలు వేస్తే ఊడింది. లోపలికి వంగి నడిచాం. గోడ లోపల ఇసుక, రాయి దట్టంగా కూరి ఉండాలి. పాత బొమ్మల్లో అలాగే ఉంది, సన్మాన పత్రాల మీద కూడా ఆ బొమ్మే వేశారు.

ఇసుక లేదు. సముద్రం కింది నుంచి తొమ్మిదేళ్ళుగా నెమ్మదిగా లాక్కుపోయింది. లైటు వేస్తే అవతలి కొస కనపడనంత ఖాళీ. మోకాళ్ళ లోతు నీళ్ళు. పైన పెంకులా మిగిలిన సిమెంటు. అల వచ్చి అవతల తగిలినప్పుడల్లా ఆ ఖాళీలో గాలి దూరి ఊఁ అని మూలిగింది. నేను పక్క గోడ పట్టుకున్నాను.

"ఓలమ్మో" అంది ఎర్నమ్మ. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది.

నా చెవిలో ఛైర్మన్ గారి గొంతు: "చూశారు కదా, ముహూర్తం అయిపోయింది. పరిశీలించడం జరిగింది అని చెప్పి బయటికొచ్చేయండి. రెండు మాటలు. వచ్చే నెల మీకు ప్రమోషన్."

ఆ రెండు మాటలు నా నోట్లో ఏళ్ళ తరబడి నానుతున్నవే. అనడానికే నోరు తెరిచాను. ఎర్నమ్మ నా ముఖం మీదికి లైటు వేసింది. బెదిరించడానికి కాదు, నేను పడిపోతానేమోనని.

"నేను చూశాను" అన్నాను. "గోడ లోపల ఖాళీ. ఏ పోటుకైనా పడిపోతుంది. పన్నెండో గట్టు వాళ్ళందరినీ రేపు మధ్యాహ్నంలోగా తీరరక్ష కంపెనీ తన బండ్ల మీద తన టవర్‌కు తీసుకెళ్ళి ఉంచుతుంది."

గుండీ పచ్చగా వెలిగింది. అంత పచ్చగా వెలగడం ఎప్పుడూ చూడలేదు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, అన్నీ ఉన్నాయి మరి. చెవిలో ఛైర్మన్ గారు ఒక తిట్టు తిట్టారు, ఇక్కడ రాయను.

నాలుగు నిమిషాలకు గుండీ నల్లబడింది. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. మాట మాత్రం నిలబడింది, వెలిగాక దాన్ని ఎవరూ ఆపలేరు.

నమోదు 6 – శుక్రవారం

పొద్దున్న నుంచి కంపెనీ బండ్లు వస్తూ పోతూ ఉన్నాయి. టవర్ ఇరవై రెండో అంతస్తులో ఛైర్మన్ గారి ఇటలీ తివాచీ మీద ఎనిమిది కుటుంబాలు సామాన్లు దింపుకున్నాయట. ఆయన బల్ల మీద ఎవరో పసిబిడ్డకు నూనె రాస్తున్నారని వసుంధర గారు ఫోన్ చేసి మరీ చెప్పి నవ్వింది. ఆ మనిషి నవ్వగా వినడం ఇదే మొదటిసారి.

పన్నెండింటికి, వంతెన దగ్గర నిలబడి చూస్తున్న నన్ను వెతుక్కుంటూ ఎర్నమ్మ వచ్చింది.

"బాబూ, ఆరొందల పదకొండు గడపలు వొచ్చీసినాయి. ఒక్కటి రాలేదు. మా అన్న సూరన్న. తలుపేసుకుని కూకున్నాడు. ఎంత సెప్పినా గోడ పటిష్టంగా ఉందంట, రానంటన్నాడు."

"పటిష్ఠంగా ఉందని ఎవరు చెప్పారు?"

"మీరే కద బాబూ."

ఇద్దరం పరిగెత్తాం. ఒంటిగంటకు పోటు మొదలవుతుంది. గోడ మూలుగు వీధి చివర నుంచే వినిపిస్తోంది.

సూరన్నకు డెబ్బై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు పంపుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడట. చెవుల్లో సారాంశం యంత్రం లేదు. ఎదురుగా పీట మీద ఒక ఫైలు. అందులో నోటీసు బోర్డు నుంచి జాగ్రత్తగా తీసి, చిల్లులు పొడిచి, దారం కట్టిన నా ప్రకటనలు. తొమ్మిదేళ్ళవి. అన్నీ.

"సూరన్న గారూ, నేను భానోజీని. ఆ ప్రకటన రాసింది నేనే. అది అబద్ధం. నిన్న నా కళ్ళతో చూశాను, గోడలో ఏమీ లేదు. రండి, వెళ్ళిపోదాం."

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"మీరెవులో నాకు తెల్దు. గుండీ ఏదీ?"

"నిన్న తీసేశారు."

"అదీ సంగతి. బాబూ, కంపెనీ నాలుగు పేజీలు రాసింది. 'వదంతులను విశ్వసించవలసిన అవసరం కనిపించుట లేదు.' ఎంత బాగా రాసిందో సూడండి! మీరేమో నాలుగు ముక్కలు కూడా సరిగ్గా సెప్పలేకపోతన్నారు. మీరు నిన్నటి దాకా కంపెనీలో ఉన్నా, ఇయ్యాల వదంతే."

సిగ్గు లేకుండా రాస్తున్నాను: ఆ క్షణంలో, గోడ అక్కడ మూలుగుతుండగా, నాకు సంతోషం వేసింది. నా వాక్యం ఒక మనిషికి కంఠతా వచ్చు! ఆ వెంటనే గుర్తొచ్చింది. ఆ వాక్యమే ఈ మనిషిని చంపబోతోంది.

ఎర్నమ్మ ఏడ్చింది, తిట్టింది, చెయ్యి పట్టి లాగింది. ఆయన స్తంభాన్ని పట్టుకుని కదల్లేదు. ఎత్తుకుపోదామంటే పంపులు తిప్పిన ఒళ్ళు, నాలాంటివాళ్ళు ముగ్గురు కావాలి. పన్నెండూ యాభై అయింది.

ఇక నిజం పనిచేయదని అర్థమైంది. ఫైలులోంచి ఒక కాగితం తీశాను. వెనక్కి తిప్పాను, ఖాళీగా ఉంది. వెన్ను నిటారు చేసి, గొంతు సవరించుకుని, మొరల దినం గొంతుతో చదివాను.

"తీరరక్ష సంస్థ పన్నెండో గట్టు నివాసితులకు సవినయంగా తెలియజేయునది ఏమనగా. గోడ మిక్కిలి పటిష్ఠంగా ఉన్నందున, సదరు పటిష్ఠతను పురస్కరించుకొని, గోడకు రంగులు వేయు కార్యక్రమం చేపట్టడం జరుగుతున్నది. రంగుల వాసన వలన నివాసితులకు కలుగు అసౌకర్యాన్ని దృష్టిలో ఉంచుకొని, తాత్కాలికంగా టవర్‌కు తరలించడం జరుగుతున్నది. నివాసితులు సహకరించగలరని ఆశించడమైనది."

సూరన్న కళ్ళు మెరిశాయి.

"ఆఁ! ఇదీ పద్ధతి. ఈ ముక్క ముందే సెప్పొచ్చు గదా!"

లేచాడు. చొక్కా వేసుకున్నాడు. ఫైలు చంకలో పెట్టుకుని, తలుపు తాళం వేసి, తాళం లాగి చూసి మరీ బయల్దేరాడు. ఎర్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

వీధి చివర ఆగి ఉన్న కంపెనీ బండి ఎక్కాక అడిగాడు: "ఏ రంగేత్తారంట?"

"నీలం" అన్నాను.

ఒంటిగంటా ఇరవైకి మేము వంతెన మీద ఉండగా గోడ పడింది. ఒక్క చప్పుడు, తర్వాత ఆగని నీళ్ళ హోరు. పన్నెండో గట్టు ఇళ్ళన్నీ మా కళ్ళ ముందే మునిగిపోయాయి.  సూరన్న అటే చూస్తూ, ఫైలు మీద చెయ్యి వేసి అన్నాడు:

"రంగులకని ముందే ఖాళీ సేయించింది. కంపెనీకి ఎంత ముందుసూపో!"

నమోదు 7 – ఇరవై రోజుల తర్వాత

ప్రాణనష్టం లేదు. కాబట్టి కంపెనీ తలెత్తుకుని తిరుగుతోంది.

నా కుర్చీలో ఒక యంత్రాన్ని పెట్టారు. దానికొక గొప్ప ఆలోచన వచ్చింది. కంపెనీ మాట నమ్మి బతికినవాడు నగరమంతటా ఒక్కడే ఉన్నాడని లెక్క తేల్చింది. అంతే, సూరన్నకు కోటు కుట్టించి, ప్రజా విశ్వాస ప్రతినిధి అని పేరు పెట్టి, ఛాతీకి గుండీ తగిలించి తెరల మీద నిలబెట్టారు. అన్ని వీధుల్లోనూ ఆయనే. "కంపెనీ మాట నమ్మాను, బతికాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట కంపెనీది కాదు, నాది! పైకి చెబితే కంపెనీ పేరుతో దొంగ ప్రకటన చేసినందుకు నాలుగేళ్ళు జైలు. నోరు మూసుకున్నాను. వసుంధర గారు ఉద్యోగం మానేసి వచ్చి నాకు కాఫీ ఇప్పించి, "మూసుకునే ఉండండి" అంది.

నిన్న పెద్ద సభ. పక్కన ఛైర్మన్ గారు నవ్వుతూ నిలబడ్డారు. ఎదుట జనంలో పన్నెండో గట్టు వాళ్ళందరూ ఉన్నారు, ఇళ్ళు పోయినవాళ్ళు. సూరన్నకు యంత్రం రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది. మొదటి రెండు ముక్కలు చదివాడు. తర్వాత చెల్లెలి ముఖం కనబడినట్టుంది. కాగితం దించేశాడు.

ఈయన నాలా మాట్లాడటం ఎరగడు. జీవితమంతా పంపు ఎవరు తిప్పాలో, ఎప్పుడు తిప్పాలో పేరు పెట్టి చెప్పిన మనిషి.

"ఒరే, ఎవులూ బెంగెట్టుకోకండి. నాకు కంపెనీ సంగతి తెలుసు. మన ఆరొందల పన్నెండిళ్ళూ కంపెనీ మెట్ట మీద మళ్ళీ కడతాది, వొచ్చే వానాకాలం లోపల. ఇదిగో ఈ విక్రాంత్ బాబు రోజూ వొచ్చి దగ్గరుండి కట్టిత్తాడు. ఇంతకు ముందు మాట తప్పిందేటి కంపెనీ?"

గుండీ పచ్చగా వెలిగింది. ఛైర్మన్ గారు ఆ వెలుతురును చూస్తూ మొదటిసారి కుర్చీలో కూలబడ్డారు.

ఇవాళ పొద్దున్న మెట్ట మీద ముగ్గు పోశారు. ఎనిమిదింటికల్లా ఛైర్మన్ గారు గొడుగుతో వచ్చారు. రాకపోతే నగర యంత్రాలు ఇంటికెళ్ళి తీసుకొస్తాయి మరి. సూరన్న ఆయనకు మజ్జిగ ఇచ్చి, ఎంత మంచి బాబో అని అందరికీ చూపిస్తున్నాడు.

నేను కూడా వెళ్ళాను, ఉద్యోగం లేదు కదా. ఎర్నమ్మ నన్ను చూడగానే ఇటుకల కుప్ప చూపించి "మొయ్యండి బాబూ" అంది. మోశాను. పదింటికి నడుము పట్టేసింది. ఆవిడ నీళ్ళ చెంబు ఇచ్చి పక్కన కూర్చుంది.

"నానడిగిన రోజే సూసుంటే, మా ఇళ్ళలో సామానైనా మిగిలేదా బాబూ?"

వంద రకాలుగా జవాబు చెప్పొచ్చు. అన్నీ నోటికొచ్చు.

"మిగిలేదమ్మా. పదమూడు రోజులు నేనే ఆపాను. ముహూర్తం వంక పెట్టి."

ఆవిడ చెంబు తీసుకుని లేచింది.

"తెలుసు. మరి మిమ్మల్ని ఇటుకలు మొయ్యమన్నది ఎందుకనుకున్నారు? లెగండి, కుప్ప సగమే అయింది."